పాలియేటివ్ కేర్ ట్రైనింగ్ అయి వచ్చాను, ఇప్పుడు నన్నే క్లాసులు చెప్పమంటున్నారు. ఎలా నేర్పాలి?

రాత్రిడ్యూటీ_సిస్టర్

అందరికీ నమస్తే. తెలంగాణలో ఒక జిల్లా ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని, పదమూడేళ్ల సర్వీసు. ఎక్కువగా సర్జికల్ వార్డులో, లేబర్ రూమ్‌లో చేశాను. రెండేళ్ల కింద ఆలన వార్డులో, అంటే నయం కాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ వార్డులో వేసి, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి ట్రైనింగ్‌కి పంపారు. అక్కడ నేర్చుకున్నాక నా డ్యూటీ చేసే తీరే మారిపోయింది. అంతకుముందు క్యాన్సర్ పేషెంట్ నొప్పితో అరుస్తుంటే ఒక డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేసి, డాక్టర్‌కి ఫోన్ కొట్టి, స్క్రీన్ అడ్డం పెట్టి వచ్చేసేదాన్ని. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇప్పుడు విషయం ఏంటంటే, జిల్లాలోని ఏఎన్‌ఎంలకి, పల్లె దవాఖానాల్లో ఉండే ఎంఎల్‌హెచ్‌పీలకి (మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్లు) నన్నే ట్రైనింగ్ ఇవ్వమన్నారు. బ్యాచ్‌కి నలభై మంది, టైమ్ ఒక పూట. మొదటి బ్యాచ్ అయిపోయింది. 58 స్లైడ్లు తయారు చేసుకుని వెళ్లాను, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన నొప్పి నిచ్చెన (నొప్పిని బట్టి మెట్టు మెట్టుగా మందు పెంచే పద్ధతి) దగ్గర్నుంచి పుండ్ల డ్రెస్సింగ్ దాకా అన్నీ పెట్టాను. అందరూ నోట్సు రాసుకున్నారు, చివర్లో పెట్టిన పరీక్షలో మార్కులు కూడా బాగా వచ్చాయి. చాలా సంతోషపడ్డాను.

పది రోజుల తర్వాత మా వ్యాన్‌లో ఒక ఊరికి వెళ్లాం. ఆ ఇంట్లో మనిషికి నోటి క్యాన్సర్, దవడ పక్కన పుండు, వయసు యాభై కూడా ఉండదు. గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే నొప్పి ఎక్కువవుతుందని రాత్రంతా అలాగే కూర్చుంటున్నాడట. ఇంతకుముందు ఇచ్చిన మార్ఫిన్ గోలీలు ఏవమ్మా అంటే భార్య లోపలికి వెళ్లి బిస్కెట్ల డబ్బా తీసుకొచ్చింది. పది గోలీల స్ట్రిప్‌లో రెండే తీసి ఉన్నాయి. "అలవాటు పడితే మానలేరంట, మరీ తట్టుకోలేనప్పుడే వెయ్యమని సిస్టరమ్మ చెప్పింది" అని మాతో వచ్చిన ఏఎన్‌ఎం వైపు చూసింది. ఆ అమ్మాయి నా క్లాసులో ముందు వరసలో కూర్చున్న అమ్మాయే. "నొప్పి కోసం వాడితే మార్ఫిన్ వ్యసనంగా మారుతుందా" అన్న ప్రశ్నకి "అరుదు" అని తను టిక్ పెట్టిన పేపర్ నా బీరువాలోనే ఉంది.

ఆ అమ్మాయిని ఏమీ అనలేదు. తప్పు నా క్లాసులోనే ఉందనిపించింది. కానీ ఎక్కడుందో తెలియడం లేదు.

ఇంకోటి కూడా అడగాలి. వార్డుకి నన్ను టీమ్ లీడర్ అన్నారు. డాక్టర్లు డిప్యుటేషన్ మీద వస్తారు, కొన్ని నెలలకే మారిపోతారు. "చివరి స్టేజ్ కదా సిస్టర్, సెలైన్ పెట్టి ఉంచండి" అని వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. వాళ్ల ముందు ఒక నర్సు లీడర్‌గా ఎలా ఉండగలదు? వచ్చే నెల రెండో బ్యాచ్ ఉంది, టెన్షన్‌గా ఉంది. ఇలాంటి పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఎంత పెద్దగా రాసినా చదువుతాను.

---

మత్తుడాక్టర్

సిస్టర్ గారూ, ముందుగా ఆ ఇంట్లో ఆ అమ్మాయిని అందరి ముందు అననందుకు మీకు దండం. అక్కడ ఒక్క మాట తూలి ఉంటే ఆ ఊళ్లో ఆమె మాట మళ్లీ ఎవరూ వినేవాళ్లు కాదు.

నేను ఎనస్థీషియా డాక్టర్ని, పాలియేటివ్ వైపు వచ్చి చాలా ఏళ్లయింది. నాకు అర్థమైంది చెప్తాను. మీ పరీక్షలో ఆ అమ్మాయి రాసింది అబద్ధం కాదు. క్లాసులో విన్నది పేపర్ మీద పెట్టింది, ఆ ఇంటి గడప దగ్గరికి వచ్చేసరికి మనసులో ఎప్పటినుంచో ఉన్న భయం మాట్లాడింది. మార్ఫిన్ వేసుకుని హాయిగా భోంచేసి, మనవడితో కబుర్లు చెప్పే పేషెంట్‌ని ఆమె ఒక్కసారి కూడా చూసి ఉండదు. మన దగ్గర ఇంకో సమస్య ఉంది. మార్ఫిన్‌ని చివరి రెండు మూడు రోజుల్లోనే మొదలుపెడతారు, మనిషి జబ్బుతో పోతాడు, ఊరంతా ఆ గోలీ వేశాకే పోయాడంటారు. ఆ మాట వింటూ పెరిగిన మనిషికి మీ 58 స్లైడ్లు ఏం చెప్పగలవు.

అందుకే రెండో బ్యాచ్‌లో మీరు మాట్లాడటం మొదలుపెట్టకముందే వాళ్లని అడగండి. మార్ఫిన్ వాడిన మనిషిని చూశారా, ఏం జరిగింది, మీ ఇంట్లోవాళ్లకైతే వేస్తారా. దానికి అరగంట పోయినా ఫర్వాలేదు. భయాలన్నీ బయటికి వచ్చాక ఒక్కోదానికి జవాబు చెప్పండి, లెక్క వాళ్ల చేతే చేయించండి. నాలుగు గంటలకోసారి 5 మిల్లీగ్రాములు, రాత్రి పడుకునేముందు రెట్టింపు డోసు, మధ్యలో నొప్పి లేస్తే ఇవ్వాల్సిన అదనపు డోసు, మొదటి రోజు నుంచే మలబద్ధకం రాకుండా విరేచనాల గోలీ, మొదటి మూడు నాలుగు రోజులు వాంతి వచ్చినట్టుంటే దానికో గోలీ. ఇదంతా చదువురాని భార్యకి అర్థమయ్యేలా ఒక అట్టముక్క మీద గీయమనండి, సూర్యుడు, చంద్రుడు, పొయ్యి, అన్నం కంచం, ఏదైనా సరే. ముసలివాళ్లకి, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి డోసు డాక్టర్ని అడక్కుండా పెంచకూడదని మాత్రం గట్టిగా చెప్పండి.

డాక్టర్ల సంగతికొస్తే, వాళ్ల మీద కోపం వద్దు. 1985లో ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం వచ్చాక మార్ఫిన్ కావాలంటే ఒకటికి మించి లైసెన్సులు ఉండాల్సివచ్చింది, ఒక్కోదానికి ఒక్కో ఆఫీసు, ఒకటి చేతికొచ్చేలోపు ఇంకోదాని గడువు అయిపోయేది. చాలా ఆస్పత్రులు మనకెందుకులే అని తెప్పించడమే మానేశాయి. అలా ఒక తరం డాక్టర్లు మార్ఫిన్ గోలీని కంటితో చూడకుండానే చదువు పూర్తి చేశారు. 2014లో చట్టం సవరించారు. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, కోడీన్, ఆక్సీకోడోన్, హైడ్రోకోడోన్ ఈ ఆరింటినీ అత్యవసర మందులుగా గుర్తించి, ఆస్పత్రికి రాష్ట్ర డ్రగ్ కంట్రోల్ దగ్గర ఒక్క గుర్తింపు ఉంటే చాలన్నారు. మీ ఆస్పత్రికి ఆ గుర్తింపు ఉందని, రిజిస్టర్ సరిగ్గా రాస్తే ఎవరూ ఏమీ అనరని కొత్తగా వచ్చిన ప్రతి డాక్టర్‌కి మొదటి రోజే చూపించండి. సెలైన్ పెట్టమని వెళ్లిపోయేవాళ్లలో సగం మంది రాసే ధైర్యం లేక వెళ్లిపోతారు, పేషెంట్ మీద ప్రేమ లేక కాదు.

---

కోనసీమ_సిస్టర్

అక్కా, నేనూ నర్సునే, ఆంధ్ర వైపు. తిరువనంతపురంలో పాలియం ఇండియా అనే పాలియేటివ్ కేర్ సంస్థ వాళ్ల దగ్గర ఆరు వారాల కోర్సు చేశాను. మీరు అడిగిన రెండు ప్రశ్నలకీ నాకు అక్కడే జవాబు దొరికింది, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నా.

కేరళలో ఇదంతా 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో ఒక చిన్న గది నుంచి మొదలైంది, రాజగోపాల్ గారు, సురేష్ కుమార్ గారు, ఇంకా కొందరు కలిసి. రాజగోపాల్ గారూ మత్తు డాక్టరే. తర్వాత ఊళ్లో వలంటీర్లు వచ్చారు, 2008లో ప్రభుత్వం పాలసీ చేసింది, పంచాయతీల తరఫున ఇంటింటికీ వెళ్లే బండ్లు తిరగడం మొదలైంది. ఆ బండిలో రోజూ వెళ్లేది నర్సు. డాక్టర్ ప్రతి ఇంటికీ ప్రతిసారీ రాడు, రాలేడు. ఏ ఇంటికి ముందు వెళ్లాలి, ఎవరి డోసు గురించి డాక్టర్‌తో మాట్లాడాలి, ఏ ఇంట్లో బియ్యం లేవో వలంటీర్లకి ఎప్పుడు చెప్పాలి, ఇవన్నీ నర్సు చూసుకుంటుంది. అది చూశాక లీడర్ అంటే ఏంటో నాకు విడిగా ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఇక నేర్పడం. మాకు నేర్పిన సిస్టర్ పద్ధతి ఇదీ. మొదటి ఇంట్లో నువ్వు చూడు. రెండో ఇంట్లో ఇద్దరం కలిసి చేద్దాం. మూడో ఇంట్లో నువ్వు చెయ్యి, నేను గుమ్మం దగ్గర కూర్చుంటా. ఆవిడ నిజంగానే గుమ్మం దగ్గర కూర్చునేది, నోరు విప్పేది కాదు. నేను తడబడుతుంటే ఆపేది కాదు, పేషెంట్‌కి హాని జరిగేదైతే తప్ప. ఆ తర్వాత బండిలో కూర్చున్నాక అడిగేది, ఏం బాగా చేశావనుకుంటున్నావ్, ఏం వదిలేశావ్, రేపు ఇదే ఇంటికి వెళ్తే ఏం చేస్తావ్. ఏం బాగా చేశావు అన్నది ఎప్పుడూ ముందు అడిగేది. మొదట్లో నాకు నోట మాట వచ్చేది కాదు, మన చదువులో ఆ ప్రశ్న ఎవరడిగారు మనల్ని.

ఒక ఇంటి సంగతి చెప్తాను. రొమ్ము క్యాన్సర్ పుండై వాసన వస్తోంది, ఆవిడని ఇంటి వెనక పాకలో ఉంచారు, అన్నం గిన్నె కూడా దూరంగా పెట్టి వెళ్తున్నారు. నేను నేరుగా డ్రెస్సింగ్ ట్రే తియ్యబోయాను. సిస్టర్ నా చెయ్యి పట్టుకుని ఆపి, మంచం పక్కన నేల మీద కూర్చుంది, ఏమీ అడక్కుండా కాసేపు ఆవిడ అరచెయ్యి పట్టుకుంది. తర్వాతే పుండు. మెట్రోనిడజోల్ గోలీలు రెండు గుడ్డలో వేసి చిన్న రాయితో మెత్తగా నూరి, కడిగిన పుండు మీద ఆ పొడి చల్లి, పైన గుడ్డ పెట్టి కట్టించింది. నూరడం ఆవిడ కోడలి చేతే చేయించింది, రేపట్నుంచి చెయ్యాల్సింది తనే కాబట్టి. నాలుగు రోజుల తర్వాత వెళ్తే వాసన చాలా తగ్గింది, మంచం వరండాలోకి వచ్చింది. అది నాకు ఏ స్లైడూ నేర్పలేదు.

కాబట్టి అక్కా, నలభై మందికి ఒక పూట క్లాసు ఆపలేకపోతే ఆపకండి, పై నుంచి వచ్చిన ఆర్డర్ కదా. కానీ దాన్ని మొదటి మెట్టు అనుకోండి. ఆ నలభైలో రోజుకిద్దరిని మీ వ్యాన్‌లో ఎక్కించుకోండి, ఎవరి ఊరికి వెళ్తే ఆ ఊరి ఏఎన్‌ఎంని. మూడు ఇళ్లు చాలు.

నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది లోపు చెప్పమంటే మన పల్లెల్లో సగం మందికి అర్థం కాదు. నేను రూపాయి లెక్క అడుగుతాను. భరించలేనిదంతా రూపాయి అనుకో తాతా, ఇప్పుడెంతుంది? "ముప్పావలా" అని టక్కున చెప్తారు. రెండ్రోజుల తర్వాత "పావలాకి దిగిందమ్మా" అంటారు. ఏఎన్‌ఎంలకి ఇది నేర్పితే ఫోన్‌లో కూడా మీకు సరిగ్గా చెప్పగలుగుతారు.

---

బ్లాక్‌బోర్డు

పైన ఇద్దరూ రాసినదాంట్లో చాలా వరకు ఒప్పుకుంటాను, ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త చెప్పాలి. నేను మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ చెప్తాను. బెడ్ పక్కనే నేర్పాలి అన్న మాట పట్టుకుని పదిహేను మంది స్టూడెంట్లని ఒకే పేషెంట్ చుట్టూ నిలబెట్టడం చూశాను. ఆ పెద్దాయన దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. ఎవరూ గమనించలేదు, నేను కూడా ఇంటికొచ్చాకే ఆలోచించాను. ఇద్దరికి మించి తీసుకెళ్లొద్దు, వెళ్లేముందు పేషెంట్‌ని అడగాలి, వద్దంటే ఊరుకోవాలి. కోనసీమ సిస్టర్ ఇద్దరే అన్నారు, అది గట్టిగా పట్టుకోండి.

రెండోది, కొన్ని పనులు పేషెంట్ మీద మొదటిసారి చేయకూడదు. చెడ్డ కబురు చెప్పడం అలాంటిది. దాన్ని క్లాసులోనే నేర్పొచ్చు, మీ నలభై మంది బ్యాచ్ దానికే పనికొస్తుంది. ముగ్గురు ముగ్గురుగా కూర్చోబెట్టండి. ఒకరు నర్సు, ఒకరు పేషెంట్ కొడుకు, ఒకరు మాట్లాడకుండా చూసేవాళ్లు. కొడుకు పాత్ర వేసేవాళ్లకి ఒకే వాక్యం ఇవ్వండి, "మా నాన్నకి మాత్రం చెప్పకండి మేడమ్, తెలిస్తే గుండె ఆగిపోతుంది." మనలో ఈ మాట విననివాళ్లు ఎవరున్నారు. ఐదు నిమిషాల తర్వాత పాత్రలు మార్చండి. కొడుకుగా కూర్చున్నప్పుడు ఒక ఏఎన్‌ఎం ఏడ్చేసింది మా దగ్గర, తన తండ్రికి తనే చెప్పనివ్వలేదట. ఆ రోజు క్లాసు అక్కడే ఆపి అందరం టీ తాగాం, అది కూడా పాఠంలో భాగమే అనుకుంటాను.

ఇంగ్లీషులో దీనికి 2000లో వచ్చిన స్పైక్స్ అనే ఆరు మెట్ల పద్ధతి ఉంది, బెయిల్, బక్‌మన్ వగైరా డాక్టర్లు రాసింది. కూర్చునే చోటు చూసుకో, ఏం తెలుసో అడుగు, ఎంత తెలుసుకోవాలనుందో అడుగు, అప్పుడు చెప్పు, ఏడుపొస్తే ఆగు, తర్వాత ఏం చేద్దామో మాట్లాడు. మెట్ల పేర్లు బట్టీ పట్టించకండి. తెలుగులో నోటికి వచ్చే వాక్యాలు ఇవ్వండి. "మీ జబ్బు గురించి ఇప్పటిదాకా డాక్టర్లు ఏం చెప్పారు పెద్దాయనా?" "ఇంకా వివరంగా మీకే చెప్పమంటారా, అబ్బాయితో మాట్లాడమంటారా?" ఈ రెండో ప్రశ్నకి పేషెంట్ ఇచ్చే జవాబే కొడుకుతో ఉన్న చిక్కుని చాలాసార్లు విడదీస్తుంది. చాలామంది పెద్దవాళ్లకి ముందే తెలుసు, పిల్లలు బాధపడతారని వాళ్లూ దాస్తుంటారు.

డాక్టర్ల గురించి ఒక మంచి మాట. 2019 నుంచి మారిన ఎంబీబీఎస్ సిలబస్‌లో పాలియేటివ్ కేర్, పేషెంట్‌తో మాట్లాడే తీరు రెండూ ఉన్నాయి. అప్పుడు చేరినవాళ్లు చదువు ముగించి డ్యూటీల్లోకి వచ్చేశారు. పీజీలో అయితే 2012లో ముంబై టాటా మెమోరియల్‌లో పాలియేటివ్ మెడిసిన్ ఎండీ మొదలైంది. అంటే మీ వార్డుకి వచ్చే కుర్ర డాక్టర్‌కి విషయం కొంత తెలిసే ఉంటుంది, చేతికి అలవాటు లేదు. "సార్, ఈ డోసు ఇలా పెంచితే ఎలా ఉంటుంది, చార్ట్ చూడండి" అని మీరు చార్ట్ పట్టుకుని అడిగితే వినే అవకాశం ఎక్కువ. పేషెంట్ రాత్రి ఎన్నిసార్లు లేచాడో డాక్టర్‌కి తెలియదు, మీకు తెలుసు.

---

నాన్న_కోసం

నేను డాక్టర్ని కాదు, నర్సుని కాదు. మా నాన్న పోయి ఏడాదిన్నర అయింది, లివర్ క్యాన్సర్. ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు కానీ సిస్టర్ గారి ప్రశ్న చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

ఒక పెద్ద ఆస్పత్రిలో "ఇంక ఇంటికి తీసుకెళ్లండి" అన్నారు. తీసుకెళ్లి ఏం చెయ్యాలో చెప్పలేదు. డిశ్చార్జ్ కాగితంలో ఆరు మందులున్నాయి, నొప్పికి ఒక్కటీ లేదు. ఎవరో చెబితే వేరే చోట నుంచి హోమ్ కేర్ వాళ్లు వచ్చారు, ఒక సిస్టర్, ఒక డ్రైవర్. ఆవిడ లోపలికి రాగానే బీపీ మిషన్ తియ్యలేదు. నాన్న పక్కన కూర్చుని "రాత్రి నిద్ర పట్టిందా బాబాయ్" అని అడిగింది. మూడు నెలల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. తర్వాత మా అమ్మని వంటింట్లోకి తీసుకెళ్లి "నువ్వు తిన్నావా పిన్నీ" అంది. అమ్మ ఆ రోజే మొదటిసారి ఏడ్చింది.

వెళ్తూ ఒక నంబర్ ఇచ్చింది. ఒకరోజు రాత్రి రెండింటికి నాన్నకి ఆయాసం మొదలైంది, వణుకుతూ ఫోన్ చేశాను, ఎత్తారు. తల వైపు దిండ్లు పెట్టి ఎత్తుగా కూర్చోబెట్టండి, కిటికీ తియ్యండి, ఫ్యాన్ గాలి ముఖానికి తగిలేలా పెట్టండి, ఇచ్చిన గోలీలో ఇంత వెయ్యండి అని చెప్పి, వేసేదాకా లైన్‌లోనే ఉన్నారు. తెల్లారేసరికి ఆయన కునుకు తీశారు. లేకపోతే ఆ రాత్రి అంబులెన్స్‌లో ఐసీయూకి పరిగెత్తేవాళ్లం, నాన్నకి ఇష్టం లేని చోటికి.

మీరు నేర్పేవాళ్లందరికీ ఆ రెండు ప్రశ్నలు, ఆ ఫోన్ ఎత్తడం నేర్పండి మేడమ్.

---

గుంటూరు_టు_లీడ్స్

నాన్న కోసం గారూ, మీరు రాయడం మంచిదైంది. నేను ఇంగ్లండ్‌లో ఒక హాస్పైస్‌లో (చివరి దశ పేషెంట్లని చూసుకునే చోటు) నర్సుని, గుంటూరులో జీఎన్‌ఎం చేసి వచ్చాను.

సిస్టర్ అడిగిన "నర్సు లీడర్‌గా ఎలా" అన్నదాని గురించే రాస్తాను. ఈ విద్యకి ఇప్పుడున్న రూపం ఇచ్చిన సిసిలీ సాండర్స్ గారు మొదట నర్సే. నడుం నొప్పితో నర్సు పని చెయ్యలేక ఆస్పత్రిలో సోషల్ వర్కర్ అయ్యారు, తర్వాత డాక్టర్ చదివారు, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పైస్ తెరిచారు. మొదటి రోజు నుంచే అక్కడ సేవతో పాటు నేర్పడం, పరిశోధన కూడా ఉండాలన్నారు. నొప్పి ఒంటికే కాదు, మనసుకి, ఇంటికి, నమ్మకానికి కూడా ఉంటుందని చెప్పింది ఆవిడే. ఉగాండా చూడండి. 1993లో అక్కడ ఆన్ మెరిమన్ అనే డాక్టరమ్మ హాస్పైస్ పెట్టారు, డాక్టర్లు దొరకని పల్లెలెన్నో, దాంతో పాలియేటివ్ కేర్‌లో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు మార్ఫిన్ రాయొచ్చని 2004లో చట్టమే మార్చారు. ఇక్కడ బ్రిటన్‌లో కూడా ఆ అర్హత సంపాదించిన నర్సులు రాస్తారు. మన దేశంలో నర్సు రాయడానికి లేదు, డాక్టర్ సంతకం కావాల్సిందే, అది మీరు దాటొద్దు. కానీ సంతకానికి ముందూ వెనకా ఉన్న పనంతా మీదే. ఎవరికి కావాలో గుర్తించడం, డోసు పని చేస్తోందో లేదో చూడటం, ఇంట్లోవాళ్లకి నేర్పడం.

ఇంకో మాట, ఇది ఎవరూ చెప్పలేదు. నేర్పేవాళ్లు అలిసిపోతారు. మా దగ్గర పేషెంట్ పోయిన మరుసటి రోజు టీమ్ అంతా పది నిమిషాలు కూర్చుంటాం, ఆ మనిషి గురించి ఒక్కొక్కరు ఒక మాట చెప్తాం. ఆయా కూడా చెప్తుంది, డాక్టర్ కూడా. మీ వార్డులో ఎవరి అనుమతీ అక్కర్లేకుండా మీరు మొదలుపెట్టగలిగేది ఇదే. డిప్యుటేషన్ మీద వచ్చిన డాక్టర్ని కూడా పిలవండి. ఒకటి రెండుసార్లు కూర్చున్నాక ఆయన సెలైన్ పెట్టి ఉంచండి అనే మాట అంత తేలిగ్గా అనలేడు.

---

రాత్రిడ్యూటీ_సిస్టర్

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నా. ఒక్కొక్కరి జవాబు రెండుసార్లు చదివాను, నాన్న కోసం గారిది చదివి ఏడ్చాను కూడా. మూడు వారాలు ఆగి రాస్తున్నాను, ఏం జరిగిందో చెప్పాలి కదా.

రెండో బ్యాచ్‌కి స్లైడ్లు తొమ్మిదే తీసుకెళ్లాను. ముందు వాళ్లని అడిగాను, మార్ఫిన్ గురించి ఏం విన్నారు, ఏం చూశారు. ఒక పెద్ద సిస్టర్, ఇంకో ఏడాదిలో రిటైర్ అవుతారు, లేచి "మా ఆయనకి ఇచ్చిన మర్నాడే పోయాడమ్మా, ఇన్నేళ్లూ నేనే చంపాననుకున్నా" అన్నారు. హాల్ అంతా నిశ్శబ్దం. ఆ ఒక్క మాట మీదే గంట మాట్లాడాం. జబ్బు ఎంత ముదిరాక మొదలుపెట్టారో, అప్పటికి ఆయన ఎన్ని రోజులుగా తినడం లేదో ఆవిడే చెప్పుకుంటూ వచ్చారు, చివరికి "అయితే ముందే ఇచ్చి ఉండాల్సింది" అని ఆవిడే అన్నారు. ఆ తర్వాత అట్టముక్కల పని పెట్టాను. ఒకామె నిద్రకి చంద్రుడి బదులు దోమతెర బొమ్మ గీసింది.

ముగ్గురు ముగ్గురు పద్ధతి కూడా చేశాం, సగం మందికే టైమ్ సరిపోయింది.

ఇక ఆ ఇల్లు. ముందు వరస అమ్మాయిని మళ్లీ తీసుకెళ్లాను, ఈసారి తననే మాట్లాడమని నేను గుమ్మం దగ్గర కూర్చున్నాను. నోరు మూసుకుని కూర్చోవడం నిజంగా చాలా కష్టం. తను భార్యతో "పోయినసారి నేను చెప్పింది తప్పు వదినా, నాకు సరిగ్గా తెలియక చెప్పాను" అని మొదలుపెట్టింది. అంత ధైర్యం ఆ వయసులో నాకు లేదు. గోలీలు టైమ్ ప్రకారం వెయ్యడం చూపించింది, విరేచనాల గోలీ మర్చిపోతే నేను ఆగాను, చివర్లో తనే గుర్తు తెచ్చుకుని చెప్పింది. నాలుగో రోజు తనే ఫోన్ చేసి "మేడమ్, రూపాయి నుంచి అర్ధరూపాయికి దిగింది, రాత్రి పడుకున్నాడంట" అంది. పడుకున్నాడంట అని రెండుసార్లు చెప్పింది. అర్ధరూపాయి అంటే ఇంకా తగ్గాలి కాబట్టి ఆ సాయంత్రమే డాక్టర్ గారితో మాట్లాడి డోసు పెంచాం. ఆ డాక్టర్ గారికి ఇంతకుముందే రిజిస్టర్, గుర్తింపు పత్రం రెండూ చూపించాను, "ఇది ఉందని నాకెవరూ చెప్పలేదు సిస్టర్" అన్నారు. వచ్చే గురువారం వ్యాన్‌లో తనూ వస్తానన్నారు.

మా వార్డులో పది నిమిషాల కూర్చోవడం ఇప్పటికి రెండుసార్లు అయింది. రెండోసారి స్వీపర్ అమ్మ మాట్లాడింది, పోయిన ఆవిడ తనని రోజూ పేరు పెట్టి పిలిచేదట.

ఒక సందేహం మిగిలింది. మా వ్యాన్ వారానికి ఒక్కో మండలానికి ఒక్కసారే వెళ్తుంది. రాత్రి ఫోన్ ఎవరు ఎత్తాలి? ఇప్పుడు నా సొంత నంబర్ ఇస్తున్నాను, ఇలా ఎన్నాళ్లు చెయ్యగలనో తెలియదు.

---

కోనసీమ_సిస్టర్

అక్కా, సొంత నంబర్ వెంటనే ఆపండి, నేను అలాగే ఇచ్చి ఏడు నెలల్లో జ్వరం తెచ్చుకుని పడ్డాను. వార్డుకి ఒక చిన్న ఫోన్ కొనిపించండి, నైట్ డ్యూటీలో ఎవరుంటే వాళ్లే ఎత్తాలి, పక్కన పేషెంట్ల పేర్లు, డోసులు రాసిన పుస్తకం ఉండాలి. అంటే ముందు మీ నైట్ సిస్టర్లకి నేర్పాలి. తర్వాతి బ్యాచ్ వాళ్లదే పెట్టండి. ఆయాసం వస్తే ఫోన్‌లో ఏం చెప్పాలో మేం ఒక కాగితం తయారు చేసుకున్నాం, తెలుగులోనే ఉంది, రేపు డ్యూటీ దిగాక టైప్ చేసి ఇక్కడే పెడతాను. మీ డాక్టర్ గారికి చూపించి సంతకం తీసుకున్నాకే వాడండి.